నేటి చీనా లలిత గీతాలు

నేను చీనా పాటలు వింటానని తెలిసినప్పుడు తోటి అధ్యాపకులు రెండు ప్రశ్నలు వేస్తారు. అర్థం తెలియని పాట ఎట్లా వింటారు మాస్టారూ అన్నది మొదటిది. యాభై దాటిన తెలుగు ఉపన్యాసకునికి ఈ కుర్రకారు పాటలతో ఏమి పని అన్నది రెండవది. రెండవ ప్రశ్నకు నా వద్ద సమాధానం లేదు. ఇష్టానికి వయోనిర్ణయం చేసిన శాస్త్రమేదీ ఇంతవరకు నా కంటబడలేదు. మొదటి ప్రశ్నకు మాత్రం సమాధానం ఉన్నది. అది కొంచెం పొడుగు.

అర్థం తెలియకుండా నేను వినను. నిఘంటువును, ఆంగ్లానువాదాన్ని పక్కన పెట్టుకొని వింటాను. ఈ పనికి ఆ పాటల వీడియోలే ఎంతో సాయపడతాయి. చీనా పాట వీడియోలలో సాధారణంగా బొమ్మ అడుగున సాహిత్యం అక్షరాలలో నడుస్తూ ఉంటుంది. ఇది అలంకారం కోసం చేసిన ఏర్పాటు కాదు. బీజింగ్‌లో ఒక విధంగానూ, కాంటన్‌లో మరొక విధంగానూ పలికే మాటకు లిపి ఒక్కటే కనుక, చెవికి అందనిది కంటికి అందుతుంది. పైగా ఆ భాషలో ఒకే ధ్వని గల మాటలు కొల్లలు. మాటలాడేటప్పుడు వాటిని వేరుచేసేది గొంతు ఎత్తడం, దించడం. 'మా' అనే ధ్వనిని సమంగా సాగదీస్తే అమ్మ. దించి లేపితే గుర్రం. మాండరిన్‌లో ఇటువంటి స్వరభేదాలు నాలుగు. హాంకాంగ్ ప్రజలు మాటలాడే కాంటనీస్‌లో ఆరు.

మరి పాటకు తన ఆరోహణావరోహణలు తనకు ఉంటాయి కదా, మాట స్వరం ఏమవుతుంది? మాండరిన్ పాటలో చాలావరకు రాగం మాట స్వరాన్ని మింగివేస్తుంది. శ్రోత సందర్భాన్ని బట్టి, అడుగున కనబడే అక్షరాలను బట్టి అర్థం చేసుకుంటాడు. కాంటనీస్ పాటలో ఆ వెసులుబాటు లేదు. స్వరం తప్పితే 'ప్రభువు' అన్న మాట 'పంది' అయిపోతుంది. భక్తిగీతంలో ఇది జరిగితే ఎంత అప్రతిష్ఠో వేరే చెప్పనక్కరలేదు. అందుచేత బాణీ ముందు పుట్టి మాట తరువాత పుట్టే చోట, కాంటనీస్ కవి ప్రతి అక్షరానికీ ఆ ఎత్తులో పలికే మాటనే వెదికి తేవాలి. సంగీత దర్శకుడు ముందే బాణీ కట్టి చేతికిస్తాడని మన సినిమా కవులు వాపోతారు. యతిప్రాసలు సంకెళ్ళని మా విద్యార్థులు వాపోతారు. వారికి నేను ఈ హాంకాంగ్ కవుల సంగతి చెబుతూ ఉంటాను.

బాణీలో మాట నింపడం అక్కడ నిన్న మొన్న పుట్టిన ఆచారం కాదు. సోంగ్ రాజుల కాలంలో ఉచ్చస్థితికి వచ్చిన 'త్సి' అనే గేయ ప్రక్రియ అంతా అదే. ప్రతి బాణీకి ఒక పేరు ఉండేది. కవి ఆ కొలతకు మాటలు నింపేవాడు. మన పాత నాటకాల పుస్తకాలలో పాట నెత్తిన 'ఫలానా పాట మట్టు' అని అచ్చువేసేవారు చూడండి, దాదాపు అటువంటిదే. కాలక్రమాన ఆ బాణీలు చాలావరకు నశించినవి, మాటలు మాత్రం మిగిలినవి. 1076లో సు షి అనే మహాకవి శరత్పూర్ణిమ నాటి రాత్రి, దూరాన ఉన్న తమ్ముని తలచుకొని చంద్రుని ప్రశ్నిస్తూ ఇటువంటి గేయం ఒకటి వ్రాశాడు. తొమ్మిది వందల ఏళ్ళ తరువాత, 1983లో, తైవాన్ గాయని తెరెసా తెంగ్ పన్నెండు ప్రాచీన గేయాలకు కొత్త వరుసలు కట్టించి పాడినప్పుడు, వాటిలో ఇదీ ఒకటి. వరుస కట్టినవాడు లియాంగ్ హోంగ్-జి. నా చీనా పాటల పిచ్చికి మూలం ఈ పాట. ఆమె గొంతులో విద్వత్ప్రదర్శన ఇసుమంత లేదు. పక్కింటివారికి నిద్రాభంగం కాకుండా పాడుకొనే మనిషి గొంతు అది.

ఆ రోజులలో ప్రధాన చీనాలో ఈమె పాటలను జనాన్ని చెడగొట్టే మత్తుపాటలని అధికారులు నిరసించారు. జనం మాత్రం కాసెట్ల మీద కాసెట్లు నకలు తీసుకొని విన్నారు. ఆమె ఎన్నడూ ప్రధాన చీనాలో కచేరీ చేయలేదు; 1995లో థాయిలాండ్‌లో నలభై రెండేళ్ళకే మరణించింది. అదే సంవత్సరం బీజింగ్‌లో పుట్టిన ఫే వాంగ్ తెంగ్ పాటలతోనే ఒక సంపుటం వెలువరించి, పాత నిందావాక్యమైన 'మత్తుపాటలు' అన్న మాటనే తన పేరుతో శ్లేషించి దానికి పేరు పెట్టింది. నిందను కిరీటంగా పెట్టుకోవడమంటే అదే.

ఈ చరిత్రంతా ఎందుకంటే, 2000లో తొలి సంపుటంతో వచ్చిన జే చౌ, ఆయన కవి విన్సెంట్ ఫాంగ్ చేసిన పని దీని కొనసాగింపే. 2003లో 'తూర్పుగాలి' పాట, 2006లో 'చేమంతి వేదిక', 2007లో 'నీలి పింగాణీ' - పేర్లు వింటేనే పాత గేయాల వాసన కొడుతుంది. అమెరికా దరువు ఒక పక్క, పీపా వాద్యం ఒక పక్క. ఈ ధోరణికి వారు 'చీనా గాలి' అని పేరు పెట్టుకున్నారు. చీనా సంగీతంలో ప్రధానమైన అయిదు స్వరాల వరుస మన మోహన రాగ స్వరాలతో సరిపోతుంది కనుక, కర్ణాటక సంగీతం వినిన చెవికి ఈ పాటలు అంత పరాయివిగా తోచవు. జే చౌ మీద నాకున్న ఫిర్యాదు ఒకటే. మాటలను నమిలి మింగుతాడు. అంత ముచ్చటగా వ్రాసిన కవి ఎదురుగా ఉండగా అట్లా పాడడానికి మనసెట్లా ఒప్పుతుందో! అడుగున అక్షరాలు లేకపోతే ఆయన పాటలు ఆయన దేశస్థులకైనా తెలిసేవా అని నా అనుమానం.

2022లో వచ్చిన ఆయన 'మహత్తర కళాఖండం' వీడియో చూచాను. నూరేళ్ళ నాటి పారిస్ నగరం, పియానో ముందు లాంగ్ లాంగ్, డాలీ, మాగ్రిట్ మొదలైన చిత్రకారులు, పారిస్‌లో బ్రతికిన చీనా చిత్రకారుడు సాన్యు, 1931లో విమాన ప్రమాదంలో చనిపోయిన కవి షు జి-మో - ఇందరి ప్రస్తావన ఉన్నది. కళ్ళకు పండుగే. కాని పాట అయిన తరువాత నా మనస్సులో మిగిలినది ఎవరెవరిని గుర్తుపట్టానన్న లెక్క మాత్రమే. ప్రశ్నపత్రం వ్రాసి బయటికి వచ్చినట్లు అనిపించింది. 'నీలి పింగాణీ' విన్నప్పుడు ఇట్లా కాలేదు.

ఇటీవలి పాటలలో నన్ను ఎక్కువకాలం పట్టి ఉంచినది 2023 జూలైలో వచ్చిన 'లువో చా హాయ్ షి'. పాడినవాడు దావ్ లాంగ్. 1971లో సిచువాన్‌లో పుట్టి, షిన్‌జియాంగ్ చేరి, 2004 ప్రాంతంలో మంచు మీద ఒక పాటతో దేశమంతా మారుమోగినవాడు. అది మోటు పాట అని, రుచి లేనివారి పాట అని సంగీతరంగంలోని పెద్దలు కొందరు అప్పుడు తీసివేశారు. తరువాత చాలాకాలం అతని పేరు పెద్దగా వినబడలేదు. ఇరవై ఏళ్ళు కావస్తుండగా ఈ పాటతో మళ్ళీ వచ్చాడు.

'లువో చా' అంటే ఏమిటనుకున్నారు? మన 'రాక్షస' శబ్దమే! బౌద్ధగ్రంథాలను చీనా భాషలోకి తెచ్చినవారు ఆ మాటను అనువదించకుండా ధ్వనిగానే మోసుకొనిపోయారు. అది అక్కడివారి నాలుక మీద అరిగి 'లువో చా' అయినది. పాట పేరు పూ సోంగ్-లింగ్ వ్రాసిన ఒక కథ పేరు. ఆయన 1640 నుండి 1715 వరకు జీవించాడు. ఆయన 'లియావ్ జాయ్' కథలు అక్కడ పిల్లలకు కూడా తెలుసు. కథ ఇది. మా జి అనే వర్తకుని కుమారుడు అందగాడు, ఆటపాటలలో దిట్ట. తుఫానులో కొట్టుకొనిపోయి రాక్షస దేశం చేరతాడు. అక్కడ విద్యకు విలువ లేదు, రూపానికే ఉద్యోగాలు. అయితే వారు అందమనుకొనేది మనం వికారమనుకొనేది. అందరిలోకి అతివికారి ప్రధానమంత్రి. మా జిని చూచి జనం భూతమని పరుగెత్తుతారు. చివరకు అతడు ముఖానికి బొగ్గు పూసుకొని ఆడిపాడితే, నిన్న అంత వికారంగా ఉన్నవాడవు నేడు ఎంత అందంగా ఉన్నావని మెచ్చుకుంటారు.

ఈ కథను దావ్ లాంగ్ ఉత్తరాది జానపద వరుసలో, జమైకా దరువుతో కలిపి పాడాడు. ఇందులో ఒక అక్షర చమత్కారం ఉన్నది. రెండు పాత్రల పేర్లు విడివిడిగా వింటే మామూలు పేర్లే. మొదటి పేరులోని రెండు అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి అతికించి వ్రాస్తే గాడిద; రెండవ పేరును అతికిస్తే కోడి. పైగా ఇది 1956 నుండి ప్రధాన చీనా ప్రభుత్వం అమలుపరచిన సరళ లిపిలోనే కుదురుతుంది. తైవాన్, హాంకాంగ్‌లలో వాడే పాత లిపిలో కుదరదు. మన చిత్రకవిత్వంలోని గూఢ చిత్రాలు, చ్యుతాక్షరాలు చదివి ఆనందించినవారు ఈ పాటను సాటి కవిపండితుని పనిగా గుర్తుపట్టక మానరు. దీనిని మోటు పాట అనేవారు మళ్ళీ ఒకసారి అక్షరాలు చూచుకోవడం మంచిది. చివరన ఆస్ట్రియా తత్త్వవేత్త విట్గెన్‌స్టైన్ పేరు కూడా వస్తుంది; అది లేకపోయినా లోటు లేదని నా అభిప్రాయం.

అయితే వినినవారు చేసినది నాకు నచ్చలేదు. పాటలో బ్రతికి ఉన్న మనిషి పేరు ఒక్కటీ లేదు. గాడిద ఎవరు, కోడి ఎవరు అని జనం ఊహాగానాలు మొదలుపెట్టి, తమకు తోచిన ప్రసిద్ధులను వేలమంది ఒక్కసారిగా తిట్టిపోశారు. మూడు వందల ఏళ్ళ కథను ఒక పాత తగాదాకు కుదించివేశారు. ఒక యుగాన్ని ఎత్తిపొడిచిన కవిని వీధి జగడంలో సాక్షిగా నిలబెట్టడం అభిమానమా?

అభిమానం మాట వచ్చినది కనుక మరొకటి చెబుతాను. 2021లో యువగాయకులను ఎంపిక చేసే ఒక కార్యక్రమంలో, ప్రాయోజకుల పాల సీసా మూత లోపల ఓటు గుర్తు ముద్రించారు. అభిమానులు సీసాలు పెట్టెలకొద్దీ కొని, కూలికి మనుషులను పెట్టి మూతలు తీయించి, పాలను కాలువలో పోయించారు. ఆ దృశ్యం బయటికి వచ్చి మే నెలలో తుది పోటీ ఆగిపోయింది. సెప్టెంబరులో ప్రభుత్వం అటువంటి ఎంపిక కార్యక్రమాలనే నిషేధించింది. పాలు పారబోసినవారి పట్ల నాకు ఏ కోశానా సానుభూతి లేదు. కాని అదే ఉత్తరువులో మగవారు ఆడవారివలె కనబడే పోకడలు దూరదర్శనంలో ఉండరాదని కూడా వ్రాశారు. ఇది చదివి విస్తుపోయాను. స్త్రీపాత్రల అభినయంతో ప్రపంచాన్ని మెప్పించిన మే లాన్-ఫాంగ్ పుట్టిన దేశమేనా ఇది? వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను కొనియాడిన జాతివాడను; నాకు ఆ ఉత్తరువు అర్థం కాలేదు. ఆ ఏడాది అక్టోబరులోనే మలేసియా గాయకుడు నేమ్వీ, కింబర్లీ చెన్ కలిసి 'గాజు గుండె' అనే వ్యంగ్యగీతం పాడితే, చీనా సామాజిక మాధ్యమంలో ఇద్దరి ఖాతాలూ మాయమైనవి. పాట పేరు నిజమని ఋజువు చేయడానికి ఇంతకంటె ఏమి కావాలి?

నన్ను అన్నిటికన్న కలతపెట్టినది మాత్రం వేరొకటి. 2013లో తైపేలో జరిగిన జే చౌ కచేరీలో, మరణించి పద్దెనిమిదేళ్ళయిన తెరెసా తెంగ్‌ను కాంతిబింబంగా వేదిక మీద నిలబెట్టి, ఆమె పోయిన తరువాత పుట్టిన పాటలను ఆమె చేత పాడించారు. సభ కన్నీరు పెట్టుకున్నది. నేను ఆ వీడియోను సగంలో కట్టివేశాను. పాడనని చెప్పగల హక్కు ఆమెకు లేకుండా పోయినది కదా అనిపించింది. పదేళ్ళ తరువాత, 2023 వసంతంలో, సింగపూరు గాయని స్టెఫనీ సన్ గొంతును కృత్రిమ మేధకు నేర్పి, ఆమె ఎన్నడూ పాడని పాటలను ఎందరో పాడించారు. ఆమె బ్రతికే ఉన్నది, చూస్తూనే ఉన్నది. మే నెలలో దానిపై నిర్వేదంతో, చమత్కారంతో ఒక చిన్న లేఖ వ్రాసింది. నేనూ వాటిలో రెండు మూడు విన్నాను. గొంతు అచ్చం ఆమెదే, తప్పు పట్టడానికి లేదు. తప్పు పట్టడానికి లేకపోవడమే నాకు భయం కలిగించింది. గొంతు మనిషి ఆస్తి అని చట్టం ఎంత త్వరగా తేల్చితే అంత మంచిదని నేననుకుంటాను.

ఇన్ని ఫిర్యాదులు చేసి కూడా మళ్ళీ వినడం ఎందుకని మా మిత్రులు అడగవచ్చు. 2021 చివర ఒక యానిమేషన్ ధారావాహిక కోసం హాంకాంగ్ గాయకుడు ఈసన్ చాన్ 'ఒంటరి వీరుడు' అనే పాట పాడాడు. నలభై ఏడేళ్ళవాడు, పెద్దల కోసం పాడిన పాట. మరుసటి సంవత్సరానికి చీనా దేశపు ప్రాథమిక పాఠశాలల పిల్లలు దానిని ఎగరవేసుకొనిపోయారు. వీధిలో ఒక పిల్లవాడు మొదటి మాట అందుకుంటే, ఎన్నడూ చూడని పిల్లలు అవతలి నుండి తరువాతి మాట అందుకొనేవారు. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేకుండానే, ఏ పాల సీసా కొనకుండానే. ఆ పిల్లల వీడియోలలో గొంతులు కలవవు, తాళం తప్పుతుంది, సగం మంది సాహిత్యం తప్పు పాడుతారు. అవి మాత్రం నేను చివరిదాకా చూస్తాను.