గాలిమరలపై గ్రామముద్ర

పశ్చిమ కర్నూలు సీమలో నీటికి కరవు గాని గాలికి కరవు లేదు. గోనెగండ్లనుండి దక్షిణముగా పత్తికొండ, ఆస్పరి ప్రాంతములవైపు ప్రయాణము చేయువారికి చేలనడుమను, గుట్టలపైనను గాలిమరలు దూరమునుండియే గోచరించును. తాడిచెట్లను గడ్డిపోచలుగా తోపింపజేయు ఆ తెల్లని స్తంభములు మన నేలపై నిలిచి, మన గాలితో తిరిగి, దేశమునకు విద్యుచ్ఛక్తి నొసగుచున్నవి. కాని వానికి సాధారణముగా నుండునది యొక అంకె మాత్రమే. ఈ నేలవారి చేతిగుర్తు వానిపై గానరాదు.

గోనెగండ్ల మండలమందే హంద్రి నదిపై గాజులదిన్నె జలాశయము గలదు. కర్నూలు బిడ్డడైన దామోదరం సంజీవయ్యగారి పేర దానిని సంజీవయ్య సాగర మనుచున్నాము. పేరు పెట్టినంతమాత్రమున కాలువలో నీరు పెరుగదు, నిజమే. కాని పేరుగల వస్తువును ప్రజలు తమదిగా భావింతురు. దాని మంచిచెడ్డలను గూర్చి అడుగుటకు తమకు హక్కు కలదని తలంతురు. అంకెగల వస్తువు పరాయిదిగానే యుండిపోవును. గాలిమరలపై స్థానిక కళ యుండవలెనని మేము కోరుటకు మూలకారణ మిదియే.

ఏటేట ఇంటికి తాళమువేసి సుగ్గికని గుంటూరు మిరపచేలకు పోవు జనమునకు చిత్తరువు లేల యని కొందరు ప్రశ్నింతురు. న్యాయమైన ప్రశ్న. కూలికి బదులు బొమ్మ చూపుడని మేము చెప్పుట లేదు. ఆ బొమ్మ వ్రాయు పని ఈ సీమవారికే, తగిన ప్రతిఫలముతో, దక్కవలెననియే చెప్పుచున్నాము.

ఈ సీమకు కళ కొత్తదియా? కేతవరము కొండచరియలపై చరిత్రకు పూర్వపు మానవుడు ఎఱ్ఱని రంగుతో బొమ్మలు వ్రాసెను. పత్తికొండ ప్రాంతమందలి ఎఱ్ఱగుడి బండలపై అశోకచక్రవర్తి తన ధర్మలిపులను ప్రాకృతమున చెక్కించెను. అంతటి చక్రవర్తియే దారిన పోవువానితో మాటలాడగోరెను. నేటి కంపెనీలు మౌనము వహించుట యేల? ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన చేనేత సహకార సంఘము ఈ సీమ మగ్గమునకు పేరు తెచ్చెను. ఆ మగ్గముపై పుట్టు అంచుల వరుసలను స్తంభపు మొదట చుట్టును దీర్చిన నెంత సొంపు! నల్లకంబళి గప్పి, ఎలుగుబంటి తోలు టోపీ ధరించి, డమరుకము మ్రోగించు గొరవయ్య రూపము విద్యుత్ ఉపకేంద్రపు గోడపై నిలిచిన నెంత ఠీవి!

రెక్కల జోలికి మాత్రము చిత్రకారుడు పోరాదు. రెక్కల బరువులో భేదము కలిగినచో మర తూకము చెడును. ఎత్తైన కట్టడములకు విమానయాన నిబంధనలును గలవు. రెక్కలకు రంగు వేయుట ఇంజనీర్ల పని. అదియు వట్టి యలంకారము కాదు. నార్వే దేశపు స్మోలా ద్వీపమున నాలుగు మరలకు ఒక్కొక్క రెక్కను నల్లరంగుతో పూయగా పక్షిమరణములు సుమారు 70 శాతము తగ్గినవని 2020లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. పరీక్ష చిన్నదే. ఐనను బట్టమేక పిట్టకు ప్రసిద్ధి గాంచిన రోళ్లపాడు మైదానములకు పొరుగువారమైన మనకు అది ఆలోచింపదగినది.

మేము కోరునవి మూడు. బొమ్మను గ్రామసభ యెంచుకొనవలెను. పట్టణపు కార్యాలయమునుండి దిగుమతి కారాదు. గ్రామము పేరు తెలుగులో, దారిన పోవువారికి కనబడునట్లు వ్రాయవలెను. ఖర్చు నిర్మాణవ్యయమునుండి రావలెను. 2013 కంపెనీల చట్టము ప్రకారము సామాజిక బాధ్యతకై పెద్ద కంపెనీలు వెచ్చింపవలసిన 2 శాతము లాభమును దీనికి మళ్లింపరాదు; అది బడులకును, త్రాగునీటికిని చెందవలెను.

రంగు తెర కారాదు. రైతుకు కౌలు బాకీ పడినచోట, బండ్ల బరువుకు ఊరిదారి చెడినచోట, ముందు ఆ లోపములను దిద్ది, పిదప కుంచె పట్టవలెను. తొలుత ఒక్క స్తంభముతో నారంభింపుడు. ఊరి పిల్లవాడు దానిని చూపి, ఇది మాయూరిది, దీనిపై బొమ్మ మాతాత వ్రాసినది యని చెప్పుకొనగలిగిననాడు తక్కిన స్తంభములను గూర్చి గ్రామములే ముందుకు వచ్చి యడుగును.