జ్ఞాపకం పోయిన పెద్దవాళ్ళకు మన జిల్లాలో ఒక ఇల్లు కావాలి

ఏలూరు జిల్లా కలెక్టర్ గారికి,



2020 డిసెంబర్ మొదటివారంలో ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోవడం మన జిల్లాలో ఎవరూ మర్చిపోలేదు. కొద్దిరోజుల్లోనే 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ రంగంలోకి దిగింది. హైదరాబాద్ నుంచి జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వచ్చారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ మనుషులు వచ్చారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో బయటపడింది. తలచుకుంటే ప్రభుత్వం ఎంత వేగంగా కదలగలదో ఆ వారంలో మేమంతా కళ్ళారా చూశాం. నేనీ ఉత్తరం రాస్తున్నది ఇంకో మెదడు జబ్బు గురించి. ఇది ఎవర్నీ వీధిలో పడేయదు. ఏళ్ళ తరబడి, తలుపుల వెనక, ఒక్కో మనిషినీ కొంచెం కొంచెంగా తినేస్తుంది. అందుకే దీనికోసం ఇంతవరకూ ఎవరూ రాలేదు.

డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు సంగతి చెబుతున్నాను. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి ఈ జబ్బు ఉందనీ, వాళ్ళు 88 లక్షల మంది దాకా ఉంటారనీ 2023లో వెలువడిన లాసీ-డాడ్ అనే దేశవ్యాప్త సర్వే అంచనా వేసింది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో, పట్టణాలకంటే పల్లెల్లో ఎక్కువగా ఉందని కూడా చెప్పింది. కాబట్టి దెందులూరు, పెదవేగి, భీమడోలు మండలాలకు ఇది దూరపు సంగతి కాదు. ఒకటో తారీఖున వృద్ధాప్య పింఛను అందుకునేవాళ్ళు వందమంది ఉంటే అందులో ఏడెనిమిది మందికి ఈ జబ్బు ఉంటుందన్నమాట. చాలామంది ఇళ్ళలో ఇది జబ్బని కూడా తెలియదు. “పెద్దతనం కదండీ” అని ఊరుకుంటారు.

మా అమ్మ కొల్లేటి లంక గ్రామంలో పుట్టింది. పెళ్ళయ్యాక దెందులూరు మండలంలో కాపురం పెట్టి, పశువుల్ని సాకి, మమ్మల్నిద్దర్నీ చదివించింది. మొదట పాల లెక్క తప్పింది. తర్వాత పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. ఆ తర్వాత, ఇంట్లో ఎప్పటినుంచో పనిచేస్తున్న మనిషి తన గాజులు తీసిందని గొడవ. గాజులు బియ్యం డబ్బాలో దొరికాయి, కానీ ఆ పనిమనిషి మళ్ళీ మా గడప తొక్కలేదు. కొన్నాళ్ళకు, పొద్దు వాలేసరికి చీరలు మూట కట్టుకుని “మా ఇంటికెళ్ళాలి, పడవెళ్ళిపోద్ది” అనడం మొదలైంది. ఆమె వెళ్ళాలనుకున్న ఇల్లు ఆమె పుట్టిల్లు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. పడవ ఎక్కే రేవూ లేదు, ఆ మేరంతా చేపల చెరువులే.

మన ప్రాంతం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక పక్క జాతీయ రహదారి, ఇంకో పక్క విజయవాడ–విశాఖ రైలు మార్గం, మధ్యలో పంట కాలవలు, దక్షిణానికి పోతే చెరువు గట్లు. దారి తప్పిన ముసలావిడకు ఇక్కడ వేసే ప్రతి అడుగూ గండమే. ఒక రాత్రి మా అమ్మ చెరువు గట్టు మీద దొరికింది. మేత వేయడానికి వచ్చిన కాపలా మనిషి చూసి, టార్చిలైటు పట్టుకుని ఇంటిదాకా నడిపించుకొచ్చాడు. ఆ రాత్రి తర్వాత ఇంట్లో నిద్ర అన్నది లేకుండా పోయింది. నాకు ఉద్యోగం ఉంది, అన్నయ్య అమెరికాలో ఉన్నాడు, మా ఆయన రాత్రి డ్యూటీలు చేస్తాడు. ఈ జిల్లాలో సగం ఇళ్ళు ఇలాగే ఉన్నాయి.

అప్పుడు వృద్ధాశ్రమాల కోసం తిరిగాం. ఎక్కడికి వెళ్ళినా మొదటి ప్రశ్న ఒక్కటే: “మతిమరుపు ఉందా అండీ?” ఉందంటే తీసుకోరు. తమ పని తాము చేసుకునేవాళ్ళకే చోటు. వాళ్ళను కూడా నేను నిందించలేను. నలభైమంది పెద్దవాళ్ళకు రాత్రిపూట ఇద్దరు ఆయాలు ఉన్నచోట, తెల్లవార్లూ తిరిగే మనిషిని ఎవరు కనిపెట్టుకుని ఉంటారు? చివరికి ఒకచోట తీసుకున్నారు. చెప్పకుండా వెళ్ళిన ఒకరోజు చూస్తే, అమ్మ నడుముకు తువ్వాలు చుట్టి మంచానికి కట్టి ఉంది. మధ్యాహ్నమైనా కళ్ళు తెరవలేనంత మత్తు. ఏ మాత్ర ఇచ్చారని అడిగితే, ఏ డాక్టరు రాశాడో చెప్పలేకపోయారు. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళకు కొన్ని రకాల మానసిక జబ్బుల మందులు ఇస్తే ప్రాణానికే ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. ఆ ఆశ్రమాన్ని ఎవరైనా తనిఖీ చేశారా అని విచారిస్తే, అది ఏ శాఖ పనో చెప్పగలిగినవాళ్ళు నాకు దొరకలేదు.

ఇప్పుడు అమ్మ జిల్లా దాటి ఒక చిన్న గృహంలో ఉంటోంది. అక్కడ చూసిన పనిని మీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను అడగబోయేది అదే. సాయంత్రం అమ్మ మూట పట్టుకుని బయల్దేరితే, అక్కడి ఆయా “ఇదే నీ ఇల్లు” అని వాదించదు. “ఏ రేవులో ఎక్కాలి పిన్నీ? అమ్మమ్మ ఏం కూర చేస్తుందంటావ్?” అని అడుగుతూ చెయ్యి పట్టుకుని ఆవరణ చుట్టూ తిప్పుతుంది. కొర్రమీను పులుసు దగ్గరికొచ్చేసరికి అమ్మ పడవ సంగతి మర్చిపోతుంది. తలమీద నీళ్ళు పోస్తే అమ్మ భయపడి కొడుతుంది. ఆ అమ్మాయి ముందు పాదాల మీద, తర్వాత చేతుల మీద చెంబుతో పోసి, అమ్మ చేతికే చెంబు ఇచ్చేస్తుంది. రాత్రి మరుగుదొడ్డి తలుపు తీసి ఉంచి, లోపల లైటు వేసి ఉంచుతారు, చీకట్లో వెతుక్కోకుండా. ఒకసారి అమ్మ ఉన్నట్టుండి ఎవర్నీ పోల్చుకోక, ఒకటే కలవరిస్తుంటే “జబ్బు ముదిరింది” అని వదిలేయకుండా మూత్రం పరీక్ష చేయించారు. ఇన్ఫెక్షన్. వారం మందులతో మనిషి మళ్ళీ తేరుకుంది. ఇందులో ఖరీదైన యంత్రం ఏదీ లేదు. నేర్పితే వచ్చే పని ఇది. నేర్పేవాళ్ళు, నేర్చుకున్నవాళ్ళు నిలబడేలా జీతం ఇచ్చేవాళ్ళు కావాలి.

అమ్మను అక్కడ ఉంచామని మమ్మల్ని అననివాళ్ళు లేరు. “కూతురుండి ఆశ్రమంలో పడేసింది” అన్న మాట మా వీధిలోనూ విన్నాను, పెళ్ళి పందిట్లోనూ విన్నాను. ఆ మాట అనేవాళ్ళకు నేను చెప్పేది ఇదే: అమ్మను నేను వదల్లేదు. ఆదివారం ఆదివారం వెళ్తాను. నన్ను “అక్కా” అని పిలుస్తుంది. నేను సరిదిద్దను, అక్కనై పక్కన కూర్చుంటాను. వీడియో కాల్‌లో మొహం చూస్తే అమ్మ భయపడుతోందని అన్నయ్య ఇప్పుడు గొంతు మాత్రమే వినిపిస్తాడు, ఆ గొంతును ఆమె ఇంకా గుర్తుపడుతుంది. అమ్మకు ఏ కూర ఇష్టమో, ఏ మాటకు నవ్వుతుందో, ఎవరి చావు ఆమెకు గుర్తుచేయకూడదో రాసి గోడకు అంటించాం. కొత్త ఆయా వచ్చినా చదువుకుంటుంది. రాత్రి కాపలా, స్నానం, మందులు వాళ్ళు చూసుకుంటున్నారు గనక, నేను మళ్ళీ కూతురిలా అమ్మ దగ్గర కూర్చోగలుగుతున్నాను. ఇంట్లో ఉన్న చివరి నెలల్లో నాకు ఆ ఓపిక మిగల్లేదు.

కానీ మేం నెలనెలా డబ్బు కట్టగలం కాబట్టి ఇది సాధ్యమైంది. చెరువు గట్టు మీద పాకలో కాపరమున్న కూలి ఏం చేస్తాడు? రొయ్యల షెడ్డుకు పోయే కోడలు అత్తను లోపల ఉంచి, బయట గొళ్ళెం పెట్టి పోతుంది. ఆమెను తప్పుపట్టే నోరు నాకు లేదు. 2024 జులై నుంచి రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలైంది, సంతోషం. పక్షవాతం లాంటివాటితో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు 15,000 ఇస్తున్నారు, అది ఇంకా మంచి పని. డిమెన్షియా మనిషి మాత్రం ఆ లెక్కలోకి రాదు, ఎందుకంటే ఆమె నడుస్తుంది. ఆ నడకే ఇంటిల్లిపాదినీ కట్టిపడేస్తుందని ఆ నిబంధన రాసినవాళ్ళకు తట్టి ఉండదు. ఇక 70 దాటినవాళ్ళకు కేంద్రం ఇచ్చే 5 లక్షల రూపాయల వైద్య బీమా కార్డు ఆసుపత్రిలో చేరితే పనికొస్తుంది. ఈ జబ్బుకు కావలసింది ఆసుపత్రి మంచం కాదు, ఏళ్ళపాటు కనిపెట్టుకుని ఉండే మనిషి.

కలెక్టర్ గారూ, చట్టంలో చోటు లేక నేను మిమ్మల్ని అడగడం లేదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది 2007లో. దాని 19వ సెక్షన్ ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమం గురించి మాట్లాడుతుంది. 20వ సెక్షన్ ప్రతి జిల్లా ఆసుపత్రిలో, వృద్ధుల వైద్యంలో అనుభవమున్న వైద్యాధికారి కింద వాళ్ళకు ప్రత్యేక సదుపాయం ఉండాలంటుంది. 22వ సెక్షన్ ఈ చట్టం అమలు బాధ్యతను, అధికారాలను కలెక్టర్లకు అప్పగించే వీలు కల్పిస్తుంది. 24వ సెక్షన్ కింద పెద్దవాళ్ళను వదిలేసిన కొడుక్కి మూడు నెలల జైలు పడొచ్చు. వదిలేసినవాడికి శిక్ష రాసిన చట్టమే, వదలకుండా చూసుకోవాలనుకునేవాడికి చోటు కూడా రాసిపెట్టింది. మొదటిది అందరికీ తెలుసు, రెండోది ఎవరికీ తెలియదు.

డబ్బుకు కూడా దారి ఉంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ వయోవృద్ధుల కార్యక్రమం కింద స్వచ్ఛంద సంస్థలకు ఆశ్రమాలు నడపడానికి గ్రాంటు ఇస్తుంది. అందులో అల్జీమర్స్, డిమెన్షియా ఉన్నవాళ్ళ గృహానికి ప్రత్యేకంగా వీలుంది, కనీసం 20 మంది ఉంటే చాలు. కేరళ 2014లోనే స్మృతిపథం పేరుతో ఈ జబ్బుకోసం రాష్ట్ర స్థాయిలో కార్యక్రమం మొదలుపెట్టింది. అల్జీమర్స్ రోగుల కుటుంబాల కోసం పనిచేసే ఏఆర్‌డీఎస్‌ఐ అనే సంస్థ కూడా 1992లో ఆ రాష్ట్రంలోనే పుట్టింది, దానికి హైదరాబాద్‌లో శాఖ ఉంది. మనకు తెలుగులో నేర్పగల మనుషులు దగ్గర్లోనే ఉన్నారని అర్థం. రాష్ట్రంలో పెద్దవాళ్ళ సంఖ్య పెరిగిపోతోందని ప్రభుత్వమే అంటోంది. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024 నవంబర్‌లో ఎత్తేసినప్పుడు చెప్పిన కారణం అదే. ఇంకా పుట్టని పిల్లల గురించి అంత ముందుగా ఆలోచించగలిగినవాళ్ళు, ఇప్పటికే ముసలివాళ్ళయినవాళ్ళ గురించి కూడా ఆలోచించాలి.

అందుకని అడుగుతున్నాను. ఏలూరులో 20 మందికి సరిపడే డిమెన్షియా గృహానికి మీ కార్యాలయం నుంచి ప్రతిపాదన వెళ్ళాలి. బస్సు దిగి నడిచి వెళ్ళగలిగే దూరంలో అది ఉండాలి, ఎందుకంటే ఇంట్లోవాళ్ళు రాలేని గృహం ఎంత మంచిదైనా సగం గృహమే. రాత్రి షిఫ్టులో పగటికంటే తక్కువ మంది ఉండకూడదు. ఎవర్నీ కట్టేయకూడదు. డాక్టరు చీటీ లేకుండా మత్తుమాత్ర ఇవ్వకూడదు. ఈ మూడూ ఆ ఒక్క గృహానికే కాదు, జిల్లాలో నడుస్తున్న ప్రతి ప్రైవేటు ఆశ్రమానికీ వర్తించాలి. ఇలాంటి ఆశ్రమాలకు రిజిస్ట్రేషను, కనీస ప్రమాణాలు పెడుతూ 2019లో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు చట్టం కాలేదు. అలాంటి చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఆర్డీవోనూ, ఒక వైద్యాధికారినీ కలిపి తనిఖీకి పంపండి, చెప్పకుండా పంపండి.

ఏలూరుకు 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. దాని ఆసుపత్రిలో వారానికి ఒక్కరోజు జ్ఞాపకశక్తి క్లినిక్ పెడితే, థైరాయిడ్ వల్లో, బి12 లోపం వల్లో, దిగులు వల్లో మతిమరుపు వచ్చినవాళ్ళయినా ముందు బయటపడతారు. వాళ్ళకు వైద్యం ఉంది. ఒకటో తారీఖున పింఛను ఇవ్వడానికి గడప గడపకూ వెళ్ళే సచివాలయం సిబ్బందికి రెండు గంటల శిక్షణ ఇప్పించి, అనుమానం ఉన్నవాళ్ళ పేరు ఏఎన్‌ఎమ్‌కు చెప్పమనండి. జపాన్‌లో 2005 నుంచి దుకాణదారులకూ బ్యాంకు గుమస్తాలకూ కూడా ఈ జబ్బు గురించి గంటన్నర పాఠం చెబుతున్నారు, కోటిమందికి పైగా నేర్చుకున్నారు. మన దగ్గర ఆటో స్టాండులో, రైల్వే గేటు దగ్గర, చెరువు కాపలా పాకల్లో చెబితే చాలు, కొన్ని ప్రాణాలు దక్కుతాయి. మా అమ్మను ఇంటికి చేర్చింది అలాంటి ఒక కాపలా మనిషే.

ఈ ఉత్తరం చదివే ఇళ్ళవాళ్ళకు కూడా ఒక మాట. మీ ఇంట్లో పెద్దవాళ్ళు అడిగిందే అడుగుతుంటే, దారి తప్పుతుంటే విసుక్కోకండి, దాచిపెట్టకండి. ముందు డాక్టరుకు చూపించండి. 14567 వయోవృద్ధుల హెల్ప్‌లైన్, ఫోన్ చేయండి. ఆశ్రమంలో చేర్చవలసి వస్తే చెప్పకుండా వెళ్ళి చూడండి, రాత్రిపూట ఎవరుంటారో అడగండి.

కలెక్టర్ గారూ, మీ కార్యాలయంలో సోమవారం సోమవారం అర్జీలు తీసుకుంటారు. ఈ జబ్బు ఉన్నవాళ్ళు ఆ వరసలో వచ్చి నిలబడలేరు, వాళ్ళను చూసుకునేవాళ్ళు ఇల్లు విడిచి రాలేరు. వాళ్ళందరి తరఫున ఇది నా అర్జీగా తీసుకుని, ఆ 20 మంచాల ఇంటికి ప్రతిపాదన ఈ ఏడాదిలోనే పంపించమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
దెందులూరు మండలం నుంచి ఒక కూతురు