కుక్కకు రాయి ఎందుకని అడిగే పెద్దలకు

"కుక్క చావు చచ్చాడు" అనే మాట మన ఇళ్ళలో ఎన్నిసార్లు విని ఉంటామో లెక్కలేదు. దిక్కులేని చావు, ఎవరూ ఏడవని చావు అని దాని అర్థం. అంటే కుక్క చస్తే ఎవరూ ఏడవరు, ఏడవక్కర్లేదు అని ఆ మాటలోనే మనం తీర్పు చెప్పేశాం. ఆ తీర్పు తప్పని నేను ఈ వ్యాసంలో వాదిస్తున్నాను. పెద్దలు, గురువులు కోప్పడకుండా చివరిదాకా చదవాలని మనవి.

సంగతి ఏమిటంటే, మా బడి పక్క వీధిలో ఫైర్ స్టేషన్ ఉంది. అక్కడ తొమ్మిదేళ్ళు ఉన్న కుక్క పేరు కరియ. కన్నడంలో కరియ అంటే నల్లోడు. దాన్ని ఎవరూ కొని తేలేదు. ఒక వాన రోజు చిన్న పిల్లగా వచ్చి ఫైరింజన్ కింద పడుకుందట, ఇక అక్కడే ఉండిపోయింది. సైరన్ మోగితే గేటు దాకా పరిగెత్తేది. బండి రోడ్డెక్కేదాకా మొరిగేది. తర్వాత బండి తిరిగి వచ్చేదాకా గేటు దగ్గరే కూర్చునేది. మేం బడికి పోతూ కరియ గేటు బయట కూర్చుని ఉండడం చూస్తే, ఎక్కడో నిప్పంటుకుందని మాకు తెలిసిపోయేది.

పోయిన దీపావళి తర్వాత కరియ ముసలితనంతో చనిపోయింది. సిబ్బంది స్టేషన్ వెనక కానుగ చెట్టు కింద పాతిపెట్టారు. అక్కడ పేరు చెక్కిన చిన్న రాయి ఒకటి పెడదామని మా తరగతి పిల్లలం అనుకున్నాం. స్టేషన్ వాళ్ళు సంతోషంగా సరే అన్నారు. అడ్డం వచ్చింది మన పెద్దలే. తల్లిదండ్రుల మీటింగులో మూడు మాటలు అన్నారు. ఆ రోజు మాకు మాట్లాడే అవకాశం రాలేదు కాబట్టి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

మొదటి మాట: "కుక్కకి రాయి పెట్టడం మనలో ఎక్కడైనా ఉందా? ఇదంతా ఇంగ్లీషువాళ్ళ పిచ్చి."

అయ్యా, మన కర్ణాటకలోనే ఉంది! మండ్య జిల్లా ఆతకూరులో దొరికిన వీరగల్లు ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. దాని కాలం సుమారు క్రీ.శ. 949-950. రాష్ట్రకూట రాజు మూడో కృష్ణుడు, గంగవంశపు రాజు బూతుగుడు కలిసి తక్కోలం దగ్గర చోళులతో యుద్ధం చేశారు. ఆ యుద్ధంలో మణలేరుడు అనే వీరుడు బాగా పోరాడాడు. బూతుగుడు మెచ్చుకుని ఏం కావాలో కోరుకోమన్నాడు. ఊళ్ళు అడగొచ్చు, బంగారం అడగొచ్చు. ఆయన కాళి అనే వేటకుక్కను అడిగాడు. తర్వాత ఆ కాళి పెద్ద అడవిపందితో పోరాడి, పందినీ చంపి తనూ చనిపోయింది. చల్లేశ్వరుడి గుడి ముందు దానికి రాయి నిలబెట్టారు. రాయి మీద కుక్క, పంది పోట్లాడుకుంటున్న బొమ్మ చెక్కారు. రాయి పూజ ఆగిపోకుండా భూమి కూడా దానం చేశారు. ఇంగ్లీషువాళ్ళు మన దేశంలో అడుగు పెట్టడానికి ఆరువందల ఏళ్ళ ముందు జరిగిన సంగతి ఇది.

మన తెలుగు సంగతి కూడా చూద్దాం. నన్నయగారి భారతం మొదట్లోనే సరమ కథ వస్తుంది. యజ్ఞం జరిగేచోట ఆడుకుంటున్న కుక్కపిల్లని జనమేజయుడి తమ్ముళ్ళు కొడతారు. తల్లి సరమ ఏకంగా రాజు దగ్గరకే వచ్చి, తప్పు చేయని నా బిడ్డని ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. భారతం చివర్లో ధర్మరాజు, తన వెంట వచ్చిన కుక్కని వదిలేసి స్వర్గానికి రానంటాడు. అంత పెద్ద గ్రంథానికి ఆ కొసనా ఈ కొసనా కుక్క ఉంది. "మనలో లేదు" అనేవాళ్ళు ఏ పుస్తకం చదివారో నాకు అర్థం కాలేదు.

రెండో మాట: "ఆ కుక్క ఏం పని చేసిందని? మంటలు ఆర్పిందా?"

పోలీసు కుక్కలకైతే ఈ ప్రశ్న ఎవరూ వెయ్యరు. ముంబైలో జంజీర్ అనే లాబ్రడార్ ఉండేది. 1993 మార్చి పేలుళ్ళ తర్వాత అది మూడు వేల కిలోలకు పైగా ఆర్డీఎక్స్‌ని వాసన పట్టి చూపించింది. 2000 నవంబరులో ఎముకల క్యాన్సర్‌తో చనిపోతే పోలీసులు అధికార లాంఛనాలతో సాగనంపారు. దానికి లెక్క ఉంది, కిలోలు ఉన్నాయి, కాబట్టి అందరూ ఒప్పుకుంటారు.

ఫైర్ స్టేషన్ కుక్కకి కూడా ఒకప్పుడు పని ఉండేది. విదేశాల్లో ఫైరింజన్లని గుర్రాలు లాగే రోజుల్లో డాల్మేషియన్ కుక్కలు గుర్రాల పక్కన పరిగెత్తేవి. జనాన్ని తప్పించేవి, మంట దగ్గర గుర్రాలకి కాపలా ఉండేవి. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో వాలెస్ అనే కుక్క 1894 నుంచి 1902లో చనిపోయేదాకా బళ్ళతోపాటు పరిగెత్తింది. తర్వాత మోటారు బళ్ళు వచ్చాయి, గుర్రాలు పోయాయి. మరి పని పోయిన కుక్కని గెంటేశారా? లేదు. ఎందుకు ఉంచుకున్నారో న్యూయార్క్‌లో జరిగింది చూస్తే తెలుస్తుంది. అక్కడి ల్యాడర్ 20 అనే ఫైర్ కంపెనీ 2001 సెప్టెంబరు 11న ఏడుగురు మనుషులని పోగొట్టుకుంది. మిగిలినవాళ్ళకి తోడుగా ఉంటుందని ఇద్దరు పోలీసు అన్నదమ్ములు ఒక డాల్మేషియన్ పిల్లని ఇచ్చారు. కంపెనీ నంబరే దాని పేరైంది: ట్వంటీ. 2016లో అది చనిపోయినప్పుడు ఫైర్ సిబ్బంది వరుసగా నిలబడి సెల్యూట్ చేశారు. అది ఒక్క మంట కూడా ఆర్పలేదు.

మన కరియ కూడా అంతే. స్టేషన్‌లో పనిచేసే ఒకాయన నాతో అన్న మాట ఇది: "కాలిపోయిన ఇంటి నుంచి వచ్చినాక ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు పాపా, ఇంటికి ఫోన్ చెయ్యాలన్నా కాదు. కరియ వచ్చి బూట్ల మీద తల పెట్టుకునేది. కాసేపటికి మేమే లేచి టీ పెట్టుకునేవాళ్ళం." ఈ పనిని ఏ తూకంతో తూస్తారో చెప్పండి చూద్దాం.

మూడో మాట: "మనుషులకే దిక్కు లేదు, కుక్కకి రాయా?"

ఈ మాట వినడానికి చాలా గొప్పగా ఉంటుంది. అందుకే నేను ఒకటి అడుగుతాను. ఏప్రిల్ 14 అంబేద్కర్ జయంతి అని మనందరికీ తెలుసు. అదే రోజు అగ్నిమాపక దినం కూడా అని ఎంతమందికి తెలుసు? 1944లో ఆ రోజు బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ అంటుకుని పేలిపోయింది. మంటలు ఆర్పబోయిన ఫైర్ సిబ్బందిలో 66 మంది చనిపోయారు. మన బడిలో ఈ సంగతి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. కరియ రాయి గురించి స్టేషన్‌కి వెళ్ళినప్పుడే, అక్కడి గోడ మీద బోర్డు చూసి నేను అడిగి తెలుసుకున్నాను. అంటే కుక్కని తలుచుకోవడం వల్ల మనుషులు మరుగున పడలేదు. కుక్క కోసం పోయినందుకే ఆ 66 మంది నాకు తెలిశారు. "ముందు మనుషులు" అనే పెద్దలు ఇన్నేళ్ళలో ఒక్క ఏప్రిల్ 14న అయినా ఆ స్టేషన్ గేటు దాటి వెళ్ళి నమస్కారం పెట్టారా?

నాలుగో మాట మీటింగులో ఎవరూ అనలేదు, మా అమ్మ ఇంట్లో అంది. "కుక్కలు పిల్లల్ని కరుస్తున్నాయి, చంపుతున్నాయి. నువ్వు వాటికి గుడి కట్టమంటావా?" ఇది నిజమైన భయం. 2023లో హైదరాబాద్‌లో ఒక చిన్న పిల్లవాణ్ణి వీధికుక్కలు చంపేశాయి. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడితే మనిషి బతకడం దాదాపు ఉండదు. కరిచిన వెంటనే పావుగంట సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడిగి, ఆస్పత్రికి పోయి టీకా వేయించుకోవాలి. అమ్మ భయాన్ని నేను తీసిపారెయ్యను. కానీ అమ్మా, ఒకటి గమనించు. కరియకి ఏటేటా టీకా పడింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఎందుకు? దానికి పేరుంది, తన కుక్క అనుకున్నవాళ్ళు ఉన్నారు. పేరు లేని కుక్కకే టీకా ఉండదు, తిండి ఉండదు, అదే కరుస్తుంది. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలకి ఆపరేషన్, టీకా చేయించే బాధ్యత స్థానిక సంస్థలది. అడిగేవాళ్ళు ఉంటేనే అది జరుగుతుంది.

అందుకే ఆతకూరు రాయిలో నాకు ఎక్కువ నచ్చింది బొమ్మ కంటే ఆ భూదానం. ఊరికే రాయి పాతి చేతులు దులుపుకోలేదు, దాని వెనక ఒక బాధ్యత పెట్టారు. మేమూ అదే చేస్తాం. మా తరగతిలో 40 మందిమి. తలా ఇరవై రూపాయలు వేసుకుంటే రాయి వచ్చేస్తుంది. స్టేషన్ దగ్గర ఇంకా రెండు కుక్కలు తిరుగుతున్నాయి. ప్రతి ఏటా వాటికి టీకా వేయించమని పురపాలక ఆఫీసుకి అర్జీ రాయడం పదో తరగతి వాళ్ళ పని. నీళ్ళ తొట్టి నింపడం తొమ్మిదో తరగతి వాళ్ళ పని. మేం బడి దాటి వెళ్ళిపోయినా ఆ పని తర్వాతి తరగతికి పోతుంది.

రాయి మీద ఏం చెక్కాలో కూడా రాసి పెట్టుకున్నాం. కన్నడంలో ఒక వరుస, తెలుగులో ఒక వరుస: "కరియ. బండి తిరిగొచ్చేదాకా కాచుకుంది."

పెద్దలారా, మేం మీ డబ్బు అడగడం లేదు. వచ్చే తల్లిదండ్రుల మీటింగులో ఈ విషయం మళ్ళీ పెట్టండి, ఈసారి మమ్మల్ని కూడా మాట్లాడనివ్వండి. ఏప్రిల్ 14న రాయి నిలబెడదాం. ఆ రోజు ఆ 66 మందికీ దండం పెడదాం, కరియకీ పెడదాం. ఎవరి దండం ఎవరికీ తక్కువ పడదు.