పందెం పడకముందే

కలువాయిలో గాని, ఆత్మకూరు, ఉదయగిరి వైపు పల్లెల్లో గాని అష్టాచమ్మా ఆడటానికి కొత్తవాళ్లు కూర్చుంటే, గవ్వలు చేతికి తీసుకోకముందే ఒక మాట తేల్చుకోవాలి. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చమ్మా, బోర్లా పడితే అష్టా, ఆ రెండింటికీ మరో పందెం. ఇంతవరకూ పేచీ లేదు. ఎదుటి కాయను కొట్టినవాళ్లు మళ్లీ వేయాలా, ఒక్క కాయనూ కొట్టకుండా లోపలి వరుసకు పోవచ్చా అన్నచోట మాత్రం ఇంటికొక తీరు. పుస్తకం లేని ఆట మరి.

పుస్తకం ఉన్న ఆటకూ ఈ చిక్కు తప్పలేదు. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’లో ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుంటారు. పాత్ర మీద మంత్రం పడితే తప్పించుకోవడానికి వేసే పందెమే ‘సేవింగ్ త్రో’. 2014 నాటి అయిదో కూర్పులో ఇరవై ముఖాల పాచిక వేసి, పాత్రకున్న బలాన్ని దానికి కలుపుతారు. మంత్రగాడి నైపుణ్యం, శక్తి 8కి కలిపితే వచ్చే అంకెను అందుకుంటే గట్టెక్కినట్టు. నిప్పుగోళం నుంచి చురుకుదనం కాస్తుంది, అయినా సగం దెబ్బ తగులుతుంది. మనసును లోబరుచుకునే మంత్రానికి వివేకం అడ్డుపడుతుంది.

తగవంతా ఆడేవాళ్లు సొంతంగా అల్లిన మంత్రాలతోనే. ఊపిరాడనివ్వని బూడిదగాలిని ఒకరు పుట్టించారనుకోండి. తట్టుకోవడానికి ఒంటి దారుఢ్యం కావాలా, పక్కకు దూకే చురుకుదనం కావాలా? గట్టెక్కినవాడికి సగం దెబ్బా, అసలే లేదా? పాచిక పడ్డాక ఈ ప్రశ్నలకు ఎంత నిజాయితీగా జవాబు చెప్పినా పక్షపాతంలాగే వినిపిస్తుంది. పుస్తకంలో దానికి దగ్గరి మంత్రం ఏదో చూసి, ముందే తేల్చాలి. మరచిపోయి మధ్యలో చిక్కుపడితే, ఆ పూటకు దెబ్బ తినేవాడికే వెసులుబాటు ఇవ్వాలి. మంత్రం వేసినవాడికి పోయేది ఒక వంతు, అవతలివాడికి పోయేది నెలల తరబడి పెంచుకున్న పాత్ర.

అష్టాచమ్మాలో అందరికీ అవే కాయలు, అవే గవ్వలు. కాబట్టి ఒకరు కోరిన నియమం తిరిగి వాళ్లకూ వర్తిస్తుంది. మంత్రాల ఆటలో ఆ కట్టడి లేదు. అందుకే మంత్రం కట్టిన పిల్లవాణ్ణి ఒక్కటే అడగాలి: ఇదే మంత్రం రేపు నీ మీద పడితే, ఇదే పందెంతో సరిపెట్టుకుంటావా? నా మటుకు నాకు ఇంతకన్నా మంచి పరీక్ష కనబడదు. చాలా మంత్రాలు ఈ ప్రశ్న దగ్గరే సర్దుకుంటాయి.

ఈ సెలవుల్లో మీ ఇంటి పిల్లలు ఏ పాచికల ఆటకు కూర్చున్నా ఒక నోటుపుస్తకం ఇవ్వండి. ఏ బలంతో తప్పించుకోవాలి, ఎంత పడాలి, గట్టెక్కితే ఏం మిగులుతుంది, మంత్రమైతే ఎన్ని వంతులు ఉంటుంది అన్నవి ముందే రాసుకోమనండి. తీర్పు మాత్రం వాళ్లనే చెప్పుకోనివ్వండి.