ఒకటే ఫోన్: పత్తికా, చదువుకా?

పత్తిని మద్దతు ధరకు అమ్మాలన్నా ఇప్పుడు ఫోన్ కావాలి. 2025లో సీసీఐ కపాస్ కిసాన్ యాప్ తెచ్చింది. స్లాట్ బుక్ చేసుకుంటేనే కొనుగోలు. యాప్ పని లేకుండా ఎనుమాముల యార్డుకు సరుకు తెచ్చినా, కాంటా అయ్యి తక్‌పట్టీ చేతికొచ్చేదాకా ఫోన్ రైతు జేబులోనే ఉంటుంది. ఇంట్లో అదొక్కటే ఉంటే, పిల్లల చదువు ఆ పూటకు ఆగినట్టే.

కరోనా కాలంలో 2020 సెప్టెంబర్ 1 నుంచి సర్కారు బడి పిల్లలకు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి పాఠాలు చెప్పాయి. కానీ టీవీ సందేహం తీర్చదు. బడులు తెరిచాక ఆ లోటును అందరూ మరిచారు. ఫలితాలు, అడ్మిషన్ దరఖాస్తులు మాత్రం ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి.

రైతు సంఘానికి నెట్‌తో ఏం పని అని కొందరు అడగవచ్చు. రైతు మీద ఫోన్ భారం మోపింది ప్రభుత్వాలే. ఆ భారం పిల్లల మీద పడకుండా చూడాల్సిందీ అవే. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమని కేరళ హైకోర్టు 2019లోనే చెప్పింది.

ప్రతి ఊరి బడిలోనో, గ్రంథాలయంలోనో కంప్యూటర్లు, నెట్ పెట్టాలి. రాత్రి ఎనిమిదింటి దాకా తెరిచి ఉంచాలి. చూసుకునే మనిషికి జీతమివ్వాలి. మద్దతు ధరతో పాటు దీన్నీ మన డిమాండ్లలో చేర్చుదాం.