ఇంజనుకు ఎంత నోరు కావాలి?

మన విద్యార్థి సోదరులలో కొందరికి కారు ఇంజను శక్తిని పెంచుకోవాలనే అభిలాష మెండు. దానిని నేను తప్పుపట్టను. కాని వారి పైకం మొట్టమొదట పోయేది తరచుగా పెద్ద థ్రాటిల్ బాడీ మీదనే. నోరు పెద్దదైతే గాలి ఎక్కువ, గాలి ఎక్కువైతే శక్తి ఎక్కువ అన్నది వారి వాదం. ఈ వాదంలో సత్యం సగమే ఉన్నదని నా అభిప్రాయం.

ఎయిర్ ఫిల్టరుకూ ఇన్‌టేక్ మానిఫోల్డుకూ నడుమ ఉండే ఈ గొట్టంలో ఇరుసుపై తిరిగే ఒక గుండ్రని రేకు ఉంటుంది. అది గాలికి ద్వారపాలకుడు. వచ్చే గాలిని అడ్డగించడమే దాని పని గాని, గాలిని లోనికి తోసే శక్తి దానికి లేదు. పీల్చుకునేది ఇంజనే.

ఒక లెక్క చూద్దాం. మారుతి ఎస్టీమ్ ఇంజను 1298 ఘన సెంటీమీటర్లది. నాలుగు స్ట్రోకుల ఇంజను కనుక రెండు చుట్లకు ఒకసారి మాత్రమే తన ఘనపరిమాణమంత గాలిని పీలుస్తుంది. నిమిషానికి 6000 చుట్ల వద్ద సిలిండర్లు నూటికి 85 వంతులు నిండుతాయనుకుంటే, సెకనుకు దాదాపు 55 లీటర్ల గాలి కావాలి. 50 మిల్లీమీటర్ల వ్యాసం గల ద్వారంలో ఆ గాలి వేగం సగటున సెకనుకు 28 మీటర్లు. ఆ వేగం వలన కలిగే పీడన నష్టం వాతావరణ పీడనంలో నూటికి ఒక వంతు, అంతకు కొంచెం అటూ ఇటూ. ద్వారాన్ని 60 మిల్లీమీటర్లు చేసినా తిరిగి దక్కేది ఆ ఒక్క వంతులోని భాగమే!

పోయేదో? వైశాల్యం నూటికి 44 వంతులు పెరుగుతుంది. పెడల్‌ను కొద్దిగా తొక్కగానే వెనుకటికంటె ఇంచుమించు ఒకటిన్నర రెట్ల గాలి చొరబడుతుంది. కారుకు కొత్త ప్రాణం వచ్చిందని యజమాని మురిసిపోతాడు. మారినది పెడల్ స్వభావమే తప్ప ఇంజను శక్తి కాదు. ట్రాఫిక్కులో బండి కుదుపులతో నడుస్తుంది, ఐడిలింగ్ నిలకడగా ఉండదు. రేకు తిరిగిన కోణాన్ని బట్టి ఇంధనాన్ని లెక్కించే ఇంజనులలో మిశ్రమం పలుచబడుతుంది కూడా. మానిఫోల్డు నోరు 50 గానే ఉంచి దానిపై 60 బిగించేవారిని గూర్చి ఏమి చెప్పను? పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్లే.

నేనెరిగిన ఒక విద్యార్థి ఇంటివారు ఫీజుకై పంపిన సొమ్ములో కొంత ఇట్లే వెచ్చించాడు. బిగించే ముందు వృద్ధుడైన మెకానిక్ ఉస్తాద్, "ముందు ఫిల్టర్ చూస్కో బేటా" అన్నాడట. మసిబారిన ఆ ఫిల్టరును మార్చడానికి అయ్యే ఖర్చు ఎంత స్వల్పమో చెప్పనక్కరలేదు.

పెద్ద ద్వారం ఎన్నడూ అక్కరలేదని నా వాదం కాదు. క్యామ్‌షాఫ్టు మార్చి, హెడ్డును సానబట్టి, అదే ఇంజనును 8000 చుట్లకు చేర్చి సిలిండర్లు పూర్తిగా నిండేట్లు చేసినవారికి సెకనుకు 86 లీటర్లకు పైగా గాలి కావాలి. అప్పుడు గాలి వేగం 44 మీటర్లకు, పీడన నష్టం దాదాపు రెండున్నర రెట్లకు చేరుతుంది. అట్టివారు 55 మిల్లీమీటర్ల ద్వారాన్ని కోరడం న్యాయమే.

తేల్చుకునే ఉపాయం సులభం. మానిఫోల్డుకు వాక్యూమ్ గేజ్ తగిలించి, రోడ్డు మీద కాక రోలర్ల మీద, పెడల్‌ను పూర్తిగా తొక్కి గరిష్ఠ చుట్ల వద్ద చూడాలి. ముల్లు దాదాపు సున్నా వద్ద నిలిస్తే ఉన్న ద్వారం చాలు. నిలవకపోతే ఫిల్టరు తీసి మరల చూడాలి. అప్పటికీ ముల్లు సున్నాకు రాకపోతేనే థ్రాటిల్ బాడీని అనుమానించాలి.

కాలేజీ కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. మన వర్క్‌షాపుకు ఒక గేజ్, రెండు గజాల రబ్బరు గొట్టం ఇప్పించండి. రోలర్లున్న షెడ్డుకు విద్యార్థులను ఏడాదికి ఒక్క పూట పంపించండి. మొదట పరీక్షించవలసిన కారు పైన చెప్పిన విద్యార్థిదే. అతని పాత థ్రాటిల్ బాడీ ఇప్పటికీ ఉస్తాద్ అలమారలో భద్రంగా ఉన్నది.