ఇన్సులిన్‌కు చల్లని చోటు

వేసవి సెలవుల్లో రామోజీ ఫిల్మ్ సిటీకో, వండర్‌లాకో వెళ్లే కుటుంబాల్లో ఇన్సులిన్ వాడేవారూ ఉంటారు. పొద్దుటి నుంచి చీకటిపడే దాకా వారు ఆ మందును ఎక్కడ దాచుకోవాలి? తెరవని ఇన్సులిన్‌ను 2–8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడుకలో ఉన్న ఇన్సులిన్ పెన్ను చాలా రకాల్లో 30 డిగ్రీల లోపు కొన్ని వారాలు నిలుస్తుంది. మే నెలలో హైదరాబాద్ ఎండ 40 దాటుతుంది. అద్దాలు ఎత్తిన కారులో వేడి ఇంకా ఎక్కువ. మందును కారులో వదలడమంటే పారబోసుకోవడమే. అలాగని ఐసుగడ్డల మధ్య కుక్కినా నష్టమే. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక కూడా పనికిరాదు. ఐస్ ప్యాకుకూ పెన్నుకూ నడుమ తువ్వాలు మడత ఉండాలి. నీటితో తడిపి వాడే చల్లని సంచులూ దొరుకుతున్నాయి. కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే వాటిదీ; పొడి ఎండలో బాగా పనిచేస్తాయి, విశాఖ ఉక్కపోతలో అంతగా కాదు.

ఈ భారమంతా రోగి మీదే వేయడం న్యాయం కాదు. పార్కు గేటు దగ్గర సంచులు వెతికే సిబ్బంది మందుల పెట్టెను, అందులోని ఐస్ ప్యాకును ఆపకూడదు. ప్రథమ చికిత్స గదిలో మందులకే వేరుగా చిన్న ఫ్రిజ్, ఆ సంగతి చెప్పే తెలుగు బోర్డు టికెట్ కౌంటర్ దగ్గర ఉండాలి. పార్కులకు అనుమతులిచ్చే అధికారులు దీన్ని షరతుగా చేర్చాలి.